చీటిగుడ్డల ప్రతిరూపమీమాంస

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా స్త్రీలు ధరించిన గౌనులను ఆనాటి కత్తిరింపుతోను, ఆనాటి కుట్టుతోను నేడు మరల కుట్టుకొని ధరించువారు ఇంగ్లండు, ఫ్రాన్సు, హాలెండు, అమెరికా దేశములలో పెక్కుమంది కలరు. వర్జీనియా రాష్ట్రమున విలియమ్స్‌బర్గ్ అను పాతపట్టణమును 1926 మొదలు రాక్‌ఫెల్లరు ధనసహాయముతో ఉద్ధరించి, నాటి దుకాణములను, కమ్మరికొలుములను, అచ్చుకూటములను యథాపూర్వముగ నిలిపినవారు అచ్చట పనిచేయువారికి ఆ దుస్తులనే ఉద్యోగవేషముగ నిర్ణయించిరి గనుక వారికది జీవిక. తక్కినవారిలో కొందఱికది వేడుక, కొందఱికి చరిత్రపాండిత్యము, మఱికొందఱికి, నిజము చెప్పవలెనన్నచో, ఒకవిధమగు ఉపాసన. కుట్టుయంత్రము నింట నుంచుకొనియు దానిని ముట్టక, అవిసెనారదారమునకు మైనము పూసి, చేతికుట్టుతో ఒక్క గౌనును నెలల తరబడి ముగించువారి ఓర్పునకు మఱియొక పేరు నాకు తోచదు.

కుట్టునకు ముందు గుడ్డ కావలెను. ఆ శతాబ్దమున రాణివాసము మొదలు పనికత్తెల వఱకు అందఱిని మోహింపజేసినది పూలు దిద్దిన నూలుబట్ట, అనగా మనవారు చీటిగుడ్డ యని పిలుచునది. నాటి గుడ్డ నేడు మ్యూజియములలో అద్దముల వెనుక నున్నది; దానిని కత్తెర తాకరాదు, ఎండ సోకరాదు. కావున మ్యూజియములోని తునకకు ఛాయాచిత్రము తీసి, చిరిగినచోట్లను చిత్రకారునిచేత పూరింపించి, తీగ యెచ్చట ముగిసి యెచ్చట మరల మొదలగునో కొలత గట్టి, తెరయచ్చుతోనో కంప్యూటరు యంత్రముతోనో కొత్తబట్టపై ముద్రించి, గజముల లెక్కను అమ్ముట ఒక వ్యాపారమై వెలసినది. దీనిని ప్రతిరూపవస్త్ర మందము. మ్యూజియములలోని తునకలలో ఎన్నియో మచిలీబందరు, నరసాపురము, పాలకొల్లు, నిజాంపట్నముల దాపున మన అద్దకపువారి చేతులమీదుగా వెడలి ఓడలెక్కినవే యగుటచేత, ఈ వ్యాపారము మనకు కేవలము పరాయిది కాదు. అయినను ఇప్పుడు నేను విచారింపదలచినది వ్యాపారమును గాదు. ప్రతిరూపము మూలమునకు ఏమగును? అదియే యిది యనవచ్చునా, అనరాదా? అనరానిచో, దానిని ధరించుట సత్యమా, నటనమా?

ప్రశ్న గాలిలో పుట్టినది కాదు, ఒక ఆకుతో మొదలైనది. ఆనాటి అద్దకములో నిలుకడగల పచ్చరంగు ఒక్కటియు లేదు. ఆకు దిద్దవలెనన్నచో ముందు నీలిమందుతో నీలము వేసి, దానిపై పసుపువన్నె పూయుదురు. రెండును కలిసి పచ్చనగును. నీలము వజ్రమువంటిది, చెక్కుచెదరదు. పసుపు బలహీనము, వెలుతురునకును ఉతుకునకును కొంచెము కొంచెముగ జాఱిపోవును. అట్లు రెండు శతాబ్దములు గడవగా నేడు మ్యూజియములోని గుడ్డపై ఎఱ్ఱని పూవునకు నీలపుటాకులు కానవచ్చుచున్నవి. అంతేకాదు, ఇనుపరజనుతో చేసిన నల్లసిరా తాకినచోట దారము క్రమముగ కుళ్ళి రాలిపోవుటచే, కొన్ని తునకలలో నల్లగీత యుండవలసినచోట సన్నని చీలిక మాత్రమే మిగిలినది. ఇప్పుడు ప్రతిరూపము చేయువాడు కుంచె పట్టుకొని కూర్చుండి ఆకును నీలముగ వేయవలెనా, పచ్చగ వేయవలెనా?

నీలముగ వేయువాడు, "నా కంటికి కనబడినదానినే వేసితిని" అనును. పచ్చగ వేయువాడు, "ఆమె తొడిగినదానిని వేసితిని" అనును. మొదటివాడు ప్రత్యక్షమును నమ్మినవాడు. రెండవవాడు అనుమానప్రమాణము నాశ్రయించినవాడు. మొదటివానికి వస్తువునందు భక్తి. రెండవవానికి ఆ వస్తువు యౌవనమునందు భక్తి. లోకము విచిత్రమైనది గనుక కొనువారిలో పలువురకు నీలపుటాకే నచ్చును. ప్రాచీనతకు గుఱుతు ఆ నీలమే యని వారు భావింతురు. కాని 1770లో తన గౌనుపై ఆకులు అట్లు నీలము తిరుగుట చూచిన ఇల్లాలు, గుడ్డ ప్రాచీనమైనదని సంతోషింపక, చాకలిదానితో తగవు పెట్టుకొనియుండును. కాలము చేసిన అపకారమును కూడ భక్తితో అచ్చువేసి అమ్మునప్పుడు మనము అనుకరించునది గుడ్డను గాదు, గుడ్డ ముసలితనమును. ఈ విషయమున నేను పచ్చనాకువాని పక్షము. అయితే వానికిని నిశ్చింత లేదు. ఎంత పచ్చన యని అడిగినచో వాడు, మడతలలోపల వెలుతురు సోకక మిగిలిన ఒక్క అంగుళపు గుడ్డను చూపి, తక్కినదంతయు ఊహింపవలసినదే.

మన దర్శనకారులు ఇట్టి తగవును వేఱొక సందర్భమున తీర్చియున్నారు. పదునేడవ శతాబ్దమున విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదమున, శబ్దము నిత్యమా అనిత్యమా యను చర్చయందు, మందు దృష్టాంతమును చూపెను. ఒకనికి జ్వరము కుదిర్చిన మందును తెప్పించుకొని మింగిన పొరుగువాడు, "ఆయన పుచ్చుకొన్న మందే నేనును పుచ్చుకొంటిని" అనును. మొదటివాని కడుపులో జీర్ణమైన గుళిక రెండవవాని కడుపులోనికి వచ్చుట యసంభవము. అయినను ఆ మాటను అబద్ధమని ఎవ్వరును అనరు. ఏలనన, "అదే" యనునప్పుడు మన బుద్ధి ఎల్లవేళల వ్యక్తిని పట్టుకొనదు; జాతిని పట్టుకొని తృప్తిపడును. అత్తవారింటి పెండ్లిచీర చినిగిపోగా కొత్తది నేయించి, "ఇది అదే చీర" యని చూపు కోడలిని తార్కికుడు తప్పుపట్టడు.

మీమాంసకుడు ఇంతటితో నొప్పుకొనడు. వాని మతమున గకారము ఒక్కటే. నేను పలికినను నీవు పలికినను, నిన్న పలికినను రేపు పలికినను, పుట్టునది గకారము కాదు, దాని యభివ్యక్తి మాత్రమే. ఈ వాదమును గుడ్డకు తగిలించినచో, పూలతీగ యొక నిత్యవస్తువై, మచిలీబందరు కలమును, పారిసు చేరువనున్న జూయి ఊరి రాగిపలకయు, నేటి యంత్రమును దానిని వ్యక్తముచేయు నోళ్ళు మాత్రమగును. బౌద్ధుడు దీనికి పూర్తిగా ఎదురుతిరిగి, కత్తిరింపగా మరల మొలచిన వెండ్రుకలను "అవే వెండ్రుకలు" అనుటవంటి భ్రమ యిది యనును. వాని లెక్కకు మూలమునకే నిన్నటికిని నేటికిని ఐక్యము లేదు. ఇక ప్రతిరూపమునకును మూలమునకును ఐక్యమెక్కడిది? పచ్చనాకు గుడ్డ వేఱు, నీలపుటాకు గుడ్డ వేఱు. సంతానమొక్కటి యనుకొని మనము పేరొక్కటి పెట్టితిమి. నీలపుటాకును చూచిన తరువాత బౌద్ధుని మాటను తేలికగ త్రోసివేయుట కష్టము.

ఇచ్చట పాఠకులకు భగవద్గీతలోని జీర్ణవస్త్రోపమానము తోచియుండును. దానిని నేను బుద్ధిపూర్వకముగ తడవకున్నాను. అచ్చట తొడుగువాడు నిలుచును, వస్త్రము మాఱును. మన సమస్య దానికి తలక్రిందు: తొడిగినది గతించినది, నూలు చీకిపోయినది, కేవలమొక చిత్తరువు దేహము విడిచి దేహము ధరించుచున్నది.

తార్కికుని సమాధానము నాకు నచ్చినదే గాని, దానియందొక ఊహ దాగియున్నది. మొదట మూలవ్యక్తి యొకటి కలదు, తరువాత దాని జాతివి వచ్చినవి అని అతడనుకొనును. చీటిగుడ్డ విషయమున అట్టి మూలవ్యక్తి ఎప్పుడైన ఉండెనా?

1742 జనవరిలో కారైకాలునుండి గస్తోన్ కేర్దూ అను జెసూట్ పాదిరి తన దేశమునకు ఒక దీర్ఘలేఖ వ్రాసెను. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల బంధుత్వమును విలియం జోన్సుకంటె ముందుగ గుర్తించిన పండితుడితడే. తన మతమున కొత్తగ చేరిన అద్దకపువారిని వేఱువేఱుగ ప్రశ్నించి, వారి మాటలను ఒండొంటితో సరిచూచుకొని, తీరదేశపు రంగులపని రహస్యమును ఆ లేఖలో ఆసాంతము వివరించెను. శిష్యుల విశ్వాసమును వర్తకమునకు వినియోగించుట పాదిరికి తగునా యని అడుగవచ్చును. ఆ కాలమున ఎవ్వరును అడిగినట్లు లేదు. లేఖలోని విధానము మన కలంకారీవారికి నేటికిని పరిచితమే. చలువచేసిన బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి యారబెట్టుట, కసింకారమను ఇనుపసిరాతో నల్లగీతలు, ఎఱుపు రావలసినచోట పటికనీరు, చిరివేరు కషాయమున ఉడికించుట, నీలము తగులరాని చోట్లనెల్ల మైనముతో కప్పి నీలితొట్టిలో ముంచుట, కట్టకడపట పసుపు. వీని నడుమ ఒక చిన్నపని కలదు, దానిపై నా దృష్టి నిలిచినది. చిత్తరువును ముందు కాగితముపై గీసి, గీతలవెంట సూదితో సన్నసన్నని బెజ్జములు పొడిచి, ఆ కాగితమును బట్టపై పఱచి, బొగ్గుపొడి మూటతో అద్దుదురు. కాగితము తీసినచో బట్టపై నల్లచుక్కల బాట మిగులును. కలము ఆ బాటవెంట నడచును.

అనగా, చేతితో దిద్దినదని నేడు మ్యూజియములు గర్వించు గుడ్డయు ఒక పొడిచిన కాగితమునకు ప్రతిరూపమే. ఆ కాగితము ఎన్ని బట్టలకు బాట చూపినదో! పోనీ, కాగితము మూలమందమా? అదియు స్వతంత్రము కాదు. 17వ శతాబ్ది తొలినాళ్ళలో వలందావారనబడిన డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును మన తీరమున దిగినది మొదలు, వారి దేశములనుండి మాదిరులు ఓడలలో వచ్చుచుండెను. 1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీవారు సూరతులోని తమ కొఠీకి వ్రాయుచు, మీరు పంపు పఱుపుదుప్పట్ల ఎఱ్ఱనేల ఇచ్చట అందఱికిని నచ్చుట లేదు, ఇకపై తెల్లనేలమీద పూలకొమ్మలు దిద్దించి పంపుడని కోరిరి. వారు పంపిన మాదిరులలో ఇంగ్లీషు కుట్టుపని పూలుండెను; ఆ కుట్టుపనిలో చీనాపింగాణిమీది పూలుండెను; మన అద్దకపువాడు అప్పటికే పారశీకుల కొఱకు దిద్దుచుండిన చెట్టు దానితో కలిసెను. ఒక దేశము మఱియొక దేశమును తలచుకొని గీసినదానిని మూడవదేశము తనకు తెలిసినట్లు దిద్ది పంపగా, అది మొదటిదేశమునకు పరదేశపు సొగసుగ తోచినది. ఇందెవరి పువ్వు ఎవరిది?

ఐరోపాలో ఆ గుడ్డపై మోజు పెరిగి స్థానికపు నేతగాండ్రు ఆక్రోశింపగా, పరాసు ప్రభువు 1686లో దానిని నిషేధించెను; 1759 వఱకు నిషేధము సడలలేదు. లండనులో 1719లో నేతపనివారు వీధులలో చీటిగుడ్డ గౌనులు తొడిగిన స్త్రీలపైబడి వస్త్రములు చింపిరి, ద్రావకము చల్లిరి. 1721లో చేసిన చట్టము మఱుసటి యేటి క్రిస్మసునుండి అట్టి బట్ట ధరించుటనే నేరముగ నెంచెను. నిషేధము ఎత్తివేయగానే 1760లో ఓబర్‌కాంఫ్ అనునతడు జూయి ఊరిలో కర్మాగారము స్థాపించి, మొదట కొయ్యయచ్చులతోను, 1770 మొదలు రాగిపలకలతోను, 1797నుండి రాగిరోలుతోను ఇండియా పూలను అచ్చువేసెను. అతని గుడ్డకు "ఇండియాది" అను పేరే జనులు వాడిరి. నేటి ప్రతిరూపవస్త్రములలో పలువురు మెచ్చునవి జూయి అచ్చులు. వానిని మూలములని వ్యవహరింతురు. మూలమనబడునది ప్రతిరూపమునకు ప్రతిరూపము. దానికి మూలము పొడిచిన కాగితము. దానికి మూలము ఓడలో వచ్చిన మాదిరి. ఈ పరంపరలో ఎచ్చట ఆగి, ఇదియే ఆది యనవలెనో నాకు తెలియదు. తెలిసినదని చెప్పువాడు అమ్మకమునకు కూర్చున్నవాడై యుండును.

రూపము అట్లుండగా, ద్రవ్యమునందైన మూలత్వమును వెదకుదమన్న అదియు నిలువదు. మన చిరివేరులోను ఐరోపావారి మంజిష్ఠవేరులోను ఎఱుపునకు ముఖ్యకారణము అలిజరిన్ అను ఒక్క పదార్థమే. 1868లో గ్రేబె, లీబెర్మాన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞులు దానినే తారునుండి పుట్టింపగలిగిరి. పటిక పట్టిన నూలుపై కూర్చున్న ఆ అణువు, తాను నిజాంపట్నపు ఇసుకలో మొలచితినా, తారుపీపాలో పుట్టితినా యని చెప్పదు. ద్రవ్యము ఒక్కటే, రూపము ఒక్కటే. అయినను మన మనస్సు రెండును వేఱనుచున్నది.

పంచదశి చదివినవారికి ఈ మనస్సు తీరు కొంత బోధపడును. విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన ఆ గ్రంథమున ఆఱవ ప్రకరణమునకు చిత్రదీపమని పేరు. అందు పరమాత్మకు నాలుగవస్థలను చెప్పుటకు చిత్రించిన బట్టనే దృష్టాంతముగ గ్రహించిరి: కేవలము ఉదికి తెల్లనైన బట్ట, గంజిపెట్టి బిగించిన బట్ట, సిరాతో రేఖలు దిద్దిన బట్ట, రంగులు నింపిన బట్ట. ఈ నాలుగు నిలుకలును కలంకారీవాని యింట నేటికిని అదే వరుసలో కానవచ్చును. వేదాంతి రంగులపనివాని ముంగిట కొంతసేపు నిలువబడి చూచి వ్రాసినాడనియే నాకు తోచుచున్నది. శుద్ధమైన బట్ట శుద్ధచైతన్యము. గంజిపెట్టినది మాయతో కూడిన యంతర్యామి. రేఖలు పడినది సూత్రాత్మ. రంగులు నిండినది ఈ కనబడు విరాట్టు.

అంతటితో ఆగక విద్యారణ్యులు ఒక సూక్ష్మమును చెప్పిరి. బట్టపై మనుష్యులను చిత్రించినప్పుడు వారికి బట్టలును చిత్రింతురు గదా! ఆ చిత్రములోని బట్టలు ఆధారమైన బట్టను పోలియుండును, అవియు బట్టలే యనిపించును. కాని అవి వస్త్రాభాసములు, వానికి చలి ఆపు శక్తి లేదు. జీవుడును చైతన్యమునందు అట్టి చిదాభాసుడు. బట్టమీద బట్టబొమ్మ! దీనికంటె ఇంపైన దృష్టాంతమును నేనెఱుగను. ఇందు ఆభాసము దోషమని చెప్పలేదని గమనింపవలెను. బొమ్మలోని పంచె బొమ్మలో ఉన్నంతసేపు దానికి లోపమేమియు లేదు. దానిని లాగి కప్పుకొందునని చేయి చాచినవాడే భ్రాంతుడు.

పదునెనిమిదవ శతాబ్దపు గౌనులు కుట్టువారు సరిగా ఆ చేయినే చాచుదురు, వారి చేతికి గుడ్డ దొరకును! లండను నేషనల్ గ్యాలరీలో ద్రువే అను చిత్రకారుడు 1763-64లో చిత్రించిన మదాం ద పొంపదూర్ అను ఫ్రెంచి దొరసాని పటము కలదు. ఆమె కుట్టుచట్రము ముందు కూర్చుండి పూలగౌనును, లేసు దొంతరలను దాల్చియున్నది. అట్టి పటములయెదుట నిలువబడి, ముడుత యెటు పడినది, చేతికొన ఎచ్చట విచ్చినది, పూవు నడుముకడ ఎట్లు విరిగినదని పరీక్షించి, ఇంటికి పోయి నూలుబట్టపై దానిని నిజముచేయుదురు. బట్టపై చిత్రించిన బట్ట మరల బట్టయై, తొడిగినవారిని చలినుండి కాపాడుచున్నది. విద్యారణ్యుల మెట్లు ఒకటొకటిగ దిగినవారు జీవులైనచో, ఈ కుట్టుపనివారు ఒక్కమెట్టు ఎక్కినవారు. వేదాంతమునకు ఇందువలన హానిలేదు. ఆభాసమునుండి అర్థక్రియ పుట్టునా యను ప్రశ్నకు మాత్రము ఇదొక చమత్కారమైన ప్రత్యుత్తరము.

ఇంతవఱకు వచ్చిన తరువాత, ప్రతిరూపమునకును మూలమునకును భేదమే లేదని తేల్చి పుస్తకము మూయుట సులభము. అట్లు తేల్చకుండ నన్నాపునది లండనులోని అనాథశిశుసదనము. తామస్ కోరమ్ అను నావికుని ప్రయత్నముచే 1739లో అధికారపత్రము పొంది 1741లో తలుపులు తెఱచిన ఆ సదనమున, శిశువును విడిచిపోవు తల్లి మఱియొకనాడు వచ్చి గుర్తుపట్టుటకై శిశువు దుస్తులలోనిదో, తన దుస్తులలోనిదో ఒక గుడ్డముక్క కత్తిరించి, నమోదుకాగితమునకు గుచ్చియుంచెడివారు. అట్టి ముక్కలు వేలకొలది నేటికిని కలవు. ధనికుల గౌనులు మ్యూజియములకు చేరినవి గాని, బీదస్త్రీలు తొడిగిన చౌక అచ్చుగుడ్డలు చినిగి పాతపేలికలై నశించినవి గనుక, అవి యెట్లుండెడివో తెలిసికొనుటకు ఈ కాగితములే ముఖ్యాధారము. ప్రతిరూపములు చేయువారికివి గని.

1741 మొదలు 1760 వఱకు అందు చేరిన శిశువులు 16,282 మంది. తల్లులు తిరిగివచ్చి తీసికొనిపోయినది 152 మందిని మాత్రమే. 1767 ఫిబ్రవరిలో సారా బెండర్ అను స్త్రీ తన కొడుకును విడుచునప్పుడు, చిన్నచిన్న గుడ్డముక్కలు కలిపికుట్టి, దానిపై హృదయాకారమును కుట్టిన ఒక తునకను హృదయము రెండుగ చీలునట్లు కోసి, ఒక సగము సదనమున ఉంచి మఱియొక సగము తనతో తీసికొనిపోయెను. 1775 జూనులో ఆమె తిరిగివచ్చి బిడ్డను పొందెను. ఆ ఎనిమిదేండ్లు తన దగ్గఱనుంచుకొన్న సగము పోగా, అదే అచ్చుగుడ్డను అంగడిలో కొని అటువంటి సగమును మఱియొకటి కుట్టితెచ్చినచో, తార్కికుని జాతి యచ్చట పనికివచ్చెడిదా? కోతకు కోత, దారపుపోగునకు దారపుపోగు ఎదురుగ నిలువవలెను. అచ్చట కావలసినది "అట్టిది" కాదు, "అది".

కావున ఐక్యమనునది వస్తువునందొక్కచోట కూర్చున్న గుణము కాదనియు, ఆ వస్తువుతో మనకుగల సంబంధమును, ప్రయోజనమును బట్టి జాతిగనో వ్యక్తిగనో అది తేలుననియు నా నిశ్చయము. మందునకు జాతి చాలును. తొడుగుకొను గౌనునకును జాతి చాలును. తల్లిచేతి తునకకు వ్యక్తియే కావలెను. మన దేవాలయములలో ఈ రెండింటికి నడుమ మూడవ మార్గమొకటి యున్నది. బింబము జీర్ణమైనప్పుడు ఆగమవిధిని కళాకర్షణము చేసి, కలశమునందో బాలాలయమునందో దేవుని నిలిపి, కొత్తబింబమున మరల ప్రతిష్ఠింతురు. పూరీలో నవకళేబరమున దారుమూర్తులు మాఱును, లోపలి బ్రహ్మపదార్థము మాత్రము పాతదానినుండి కొత్తదానికి చేరును. కొత్తమూర్తిని ప్రతిరూపమని భక్తుడెవ్వడును అనడు. రూపసామ్యము ఒక్కటే చాలదని ఒప్పుకొని, చాలనిదానిని కర్మచే పూరించిన పద్ధతి యిది. గౌను కుట్టుకొనువారు ప్రతిష్ఠ చేయరు, చేయనక్కఱలేదు. వారు కోరునది సన్నిధి కాదు, పరిచయము.

అయితే రూపముతోబాటు దాని కర్మ కూడ సంక్రమించునా? ఈ పూలగుడ్డలు అందాలభామల గౌనులకే చెల్లలేదు. మన తీరపు నూలుబట్టలును, వానిని చూచి నాంతు రేవుపట్టణమున అచ్చువేసినవియు, పశ్చిమాఫ్రికా తీరమున మనుష్యులను కొనుటకు వెలగా చెల్లినవి. పాపము పూవునంటదు, చేసినవానినే యంటునని మన కర్మసిద్ధాంతము. నేనును అట్లే తలతును. కాని ఆ పూవును ముచ్చటపడి తొడుగువారు దాని కథలో సగము మాత్రమే తెలిసికొని, తక్కిన సగమునకు కన్నులు మూసికొనుట విద్య యనిపించుకొనదు. విలియమ్స్‌బర్గ్ వీధులలో గౌను తొడిగి నడచు ఉద్యోగిని ఎదుట, బానిసల జీవితమును చెప్పు ఉద్యోగులు కూడ నేడు నిలుచుచున్నారు, అది ఉచితము.

ఇక అనృతమెక్కడ? ప్రతిరూపము అనృతము కాదు. ప్రతిరూపము తాను ప్రతిరూపమని చెప్పకపోవుట అనృతము. తెరయచ్చుతో గంటలలో వేసిన బట్టను చేతియద్దకపు కలంకారీ యని మన అంగళ్ళలోనే అమ్ముచుండగా, పెడనలో టేకు అచ్చులు చెక్కించి, కరక్కాయలో బట్టను నానబెట్టి, ఏటినీటిలో జాడించి ఎండబెట్టువానికి ఆ వెల రాకపోవుట పరదేశపువారు చేసిన అన్యాయము కాదు. 1774లో ఇంగ్లీషువారు తమ దేశమున నేసి అచ్చువేసిన నూలుబట్టలకు అనుమతి నిచ్చుచు, పరదేశపు బట్టతో కలిసిపోకుండుటకై అంచున మూడు నీలపుపోగులు నేయవలెనని నిర్ణయించిరి. 1811 వఱకు ఆ నియమము నడచినది. స్వలాభమునకై చేసిన చట్టమే గాని, గుడ్డచేత నిజము పలికించినది. నేడా మూడు పోగులను చూచియే పండితులు గౌను కాలమును నిర్ణయించుచున్నారు.

ఇప్పటి ప్రతిరూపవస్త్రముల అంచునను తయారుచేసినవారి పేరును, రంగుల గుర్తులును అచ్చువేయుట వాడుక. మూలము ఏ మ్యూజియములోనిదో కొందఱు చెప్పుదురు. మ్యూజియము ఆ గుడ్డ చివరకు చేరిన ఇల్లు. పుట్టిన ఇల్లు వేఱు. మూలము మన తీరపుదని తెలిసిన ప్రతిగుడ్డ అంచున మ్యూజియము పేరుతోబాటు ఆ తీరము పేరును, మచిలీబందరైనచో మచిలీబందరనియే, అచ్చువేయుడని ఆ వర్తకులను కోరుచున్నాను. అమెరికాలోను ఐరోపాలోను స్థిరపడి, మ్యూజియముల అంగళ్ళలో ఆ గుడ్డలను కొనుచున్న తెలుగువారు ఆ మాటను వారికి ఉత్తరము వ్రాసి అడుగుదురు గాక.